గాలం పడేదాకా

భద్రయ్య ఒకసారి చెరువు గట్టెక్కాడంటే గాలం నీళ్ళలో పడేదాకా దిగడు. రాంగోపాల్‌పేట బెస్తవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అతని భార్య లచ్చమ్మకు అందరికంటే బాగా తెలుసు.

భద్రయ్య వల వేసి చేపలమ్ముకునే మనిషి కాదు. గాలాల సరదా ఉన్న దొరలను చెరువులకు తీసుకుపోయి చేప పట్టించడం అతని పని. ఏ కార్తెలో ఏ చెరువులో ఏ చేప ఎర ముడుతుందో అతనికి తెలుసు. దొర వచ్చే రోజుకు పది రోజుల ముందే చెరువు చేరతాడు. గట్టు మీద ఆకుల గుడిసె వేసుకుని, నీళ్ళలో ఒక చోటు చూసుకుని, రెండు పూటలా అక్కడే మేత వేస్తాడు. తవుడూ గానుగ చెక్కా కల్లులో కలిపి పిసికిన ముద్దలు అవి. ఆ వాసన మరిగిన చేపలు వేళకు వాటంతటవే వచ్చి చేరతాయి. ఒక్క పూట తప్పితే మళ్ళీ రావు. అందుకే పది రోజులూ అతనికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు.

వెనకొకసారి, అతను మేత వేస్తుండగా తోటివాడొకడు వచ్చి, "మీ దొర రాడంట, ఇంటికి పో" అని చెప్పాడు. భద్రయ్య నమ్మి వచ్చేశాడు. మర్నాడు అదే చోట వేరే దొరను కూర్చోబెట్టి వాడు మణుగు బరువున్న చేపను పట్టించాడు. ఆ రోజు నుంచి భద్రయ్య నోటిమాట నమ్మడం మానేశాడు. షికారు వద్దనుకుంటే దొర తన బెండు పంపాలి. గాలం దారానికి కట్టి నీళ్ళ మీద తేలనిచ్చే ముక్క అది. బెండు చేతికి వస్తేనే అతను గట్టు దిగుతాడు.

ఆ బెండ్లను జీలుగు కర్రతో చెక్కి, రంగు వేసేది లచ్చమ్మే.

నలభై ఎనిమిది నాటికి ఇంగ్లీషు దొరలంతా ఓడలెక్కి పోయారు. మిగిలింది ఆర్థర్ సారు ఒక్కడే. ఆయన వాళ్ళు తాతల నాడు బందరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో నక్షాలు గీసే ఉద్యోగం. ఆదివారం గుడికి పోవాలి కనుక శనివారాలే గాలం పట్టేవాడు. జనవరిలో ఆయన వరండాలో కూర్చుని, గోడ క్యాలెండరును ఒళ్ళో పెట్టుకుని, ఆ ఏడాది షికార్లకు రోజులు రాసుకున్నాడు. భద్రయ్య ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు. కొత్త బెండ్లు ఇవ్వడానికి వచ్చిన లచ్చమ్మ మెట్ల దగ్గర నిలబడింది.

"మృగశిరకు?" అన్నాడు సారు.

"కొర్రమట్ట. ఆ దినం ఊరంత చేప తినాలె గద సారూ. అందరు కొనుక్కుంటే మీరు పట్టుకోన్రి."

"పునర్వసుకు?"

"కొత్తనీళ్ళొస్తయి. వాలుగ."

"మరి ఉత్తరకు?"

భద్రయ్య లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ బారజాపాడు. "ఎర్రగట్టు చెరువుల బొచ్చె. తక్కెడల ఓదిక్కు దాన్నేసి ఓదిక్కు లచ్చిని కూసోబెడితె, లచ్చే పైకి లేస్తది."

"నన్ను జోకే తక్కెడ నీకాడ లేదులె," అంది లచ్చమ్మ. సారు భార్య ఆలిసమ్మ లోపలి నుంచి నవ్వింది.

స్వాతికి నీళ్ళు తేరుకుంటాయి, అప్పుడు రవ్వ చేప అన్నాడు భద్రయ్య. సారు నాలుగూ రాసుకున్నాడు. ఉత్తర కార్తె కింద సెప్టెంబరు పద్దెనిమిది, శనివారం అని రాసి చుట్టూ గీత గీశాడు.

మృగశిర షికారు జరిగింది. పునర్వసుకు ఊళ్ళో పెట్రోలు దొరకలేదు, సారు రాలేకపోయాడు. అందుకే ఉత్తర మాత్రం తప్పకూడదని ఇద్దరూ పట్టుబట్టారు. అప్పటికే దారుల్లో సోదాలు, ఊళ్ళ మీద దాడులు, రోజుకో వదంతి. లచ్చమ్మ వద్దని మొత్తుకుంది. "చేపలకు నిజామెవడో నెహ్రూ ఎవడో ఎర్కనా?" అని భద్రయ్య తవుడు మూట నెత్తిన పెట్టుకుని బుధవారం నాడు వెళ్ళిపోయాడు.

తర్వాత అందరూ పోలీసు యాక్షన్ అన్నది ఆ తరువాతి సోమవారం మొదలయింది. షోలాపూరు వైపు నుంచి యూనియన్ పటాలాలు దిగాయని పొద్దున్నే తెలిసింది. బజారు మూసేశారు. విమానాల మోతకు పిల్లలు మంచాల కింద దూరారు. లచ్చమ్మ తలుపు దగ్గరకు వేసి, నడిచి లాలాగూడ చేరింది. వర్క్‌షాపు గేటుకు తాళం పడి ఉంది. పనిలో ఉన్నవాళ్ళను బయటికి వదలడం లేదు.

"ఆయన లోపలే ఉన్నారు లచ్చమ్మా," అంది ఆలిసమ్మ. "బెండు గాలాల పెట్టెలో ఉంది, దాని తాళం చెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. వద్దన్నారని నేను చెప్పానని చెప్పు, రాడా?"

"నోటిమాటకు రాడమ్మా."

ఇంటికి వస్తూ లచ్చమ్మ దారంతా ఆలోచించింది. సారు బెండు చెక్కింది తనే. ఎంత పొడవో, నడుం ఎక్కడ సన్నబడుతుందో వేళ్ళకు గుర్తుంది. డబ్బీలో అడుగున ఎర్ర రంగు కొంచెం మిగిలింది. చీకటి పడక ముందే అలాంటిదే ఇంకొకటి చెక్కి, రంగు పూసి, గాలికి పెట్టింది.

మంగళవారం తెల్లవారుతుండగా బయలుదేరి, బొల్లారం దాటి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎర్రగట్టు చేరింది. భద్రయ్య గుడిసె ముందు కూర్చుని మేత పిసుకుతున్నాడు.

"ఏందే గింత దూరమొచ్చినవ్? బువ్వ తెచ్చినవా?"

"బువ్వ గాదు, ఇంటికి నడువ్. యుద్ధమొచ్చింది. సారు వద్దన్నడు." బెండు అతని చేతిలో పెట్టింది.

భద్రయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"రంగు సుత ఆరలేదు."

"వానకు తడిసింది."

"సారు పండ్ల గాట్లేవి?"

లచ్చమ్మకు అర్థం కాలేదు. ఆర్థర్ సారు దారానికి ముడి వేసేటప్పుడు బెండును పళ్ళ మధ్య పట్టుకుంటాడు. ముందు పళ్ళు రెంటికీ మధ్య సందు. ఆయన బెండు మీద ఎప్పుడూ రెండు గాట్లుంటాయి, వాటి మధ్య ఎడం ఉంటుంది. చెక్కి ఇచ్చాక ఆ బెండును ఆమె మళ్ళీ ముట్టుకున్నది లేదు. నీళ్ళ ఒడ్డున సారు పక్కన కూర్చునేది భద్రయ్య.

"నీకు భయమైతె భయమైతుందను. నన్ను మోసం చేస్తవానే?" అతనికి కోపం కూడా రాలేదు. నవ్వుతున్నాడు.

"బెండు అబద్ధమే. యుద్ధం నిజం."

"రెండు ఒక్క చేతితోనే తెస్తివి. ఏది నమ్మాలె?"

"మీ అయ్య మీద ఒట్టు."

"ఆయన పోయి పదేండ్లాయె. ఇప్పుడాయన్నెందుకు పరేషాన్ చేస్తవ్?"

ఏం చెప్పినా నమ్మలేదు. చెయ్యి పట్టి లాగితే ఆమెనే గుడిసెలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. పొద్దు వాలుతుండగా మేత వేసే వేళయింది. అతను మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, నాలుక అంగిట కొట్టి టక్ టక్‌మని చప్పుడు చేసి, ముద్దలు విసిరాడు. నీళ్ళు కిందనుంచి ఉడికినట్టు కదిలాయి. నల్లటి వీపొకటి పైకి తేలి తిరగబడింది.

"చూసినవా? నీకన్న బరువుంటది. శనివారం సారు గాలం పడంగనే ఇంటికొస్త. పో, చీకటైతది."

ఆమె వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది?

గురువారం ఆర్థర్ సారును గంట సేపు ఇంటికి వదిలారు. లచ్చమ్మ అప్పటికే ఆయన అరుగు మీద ఉంది. సారు పెట్టె తెరిచి బెండు తీసి ఇచ్చాడు. గాట్లున్నాయి. మధ్యలో ఎడం ఉంది.

"వాడు బయలుదేరే ముందే ఇచ్చి ఉండాల్సింది," అన్నాడు సారు. "యుద్ధం ఇంత త్వరగా వస్తుందనుకోలేదు."

బొల్లారం దగ్గర రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి ఉంది. సిపాయి ఒకడు బెండు చూసి, "యే క్యా హై, అమ్మా?" అన్నాడు. మా ఆయనను పిలవాలె, ఇది లేకుంటె రాడు అని చెప్పింది. ఆ సిపాయి నవ్వలేదు. బెండు తిరిగి ఇచ్చి, వచ్చిన దారి చూపించాడు. ఆమె పొలాలకు అడ్డంపడి పోబోతే మళ్ళీ పట్టుకొచ్చి అక్కడే వదిలారు. శుక్రవారం కూడా అంతే. ఆ సాయంత్రం నిజాం లొంగిపోయాడన్నారు. శనివారం యూనియన్ పటాలాలు ఊళ్ళోకి వస్తుంటే జనం దండలు వేశారు, లారీల వెంట పరుగెత్తారు. సారు క్యాలెండరులో గీత గీసిన రోజు అది. ఆ గుంపుల మధ్య నుంచి ఆమె బొల్లారం దాటలేకపోయింది.

ఆదివారం దారి తెరిచారు.

గుడిసె ఉంది. పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. మేత మూటకు చీమలు పట్టాయి. అటుగా గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన చెప్పాడు. "శుక్రారం పొద్దుగాల లారీల మంది వచ్చిండ్రు. బరువులు మోయనీకె మనుషులు గావాల్నని మా ఊర్ల ముగ్గురిని పట్టుకపోయిండ్రు. ఈయన్ని సుత. మాపటికి మేత వెయ్యాలె, ఒక్క పూట ఆగున్రని బతిమాలిండు."

"ఎవలోళ్ళు?"

"తుపాకులోళ్ళు. ఎవలోళ్ళని అడిగే ధైర్యం ఎవలికుంటది?"

ఆ ముగ్గురిలో ఇద్దరు వారానికి తిరిగొచ్చారు. మెదక్ దారిలో చీకట్లో తలో దిక్కూ పరుగెత్తామనీ, భద్రయ్య ఎటు పోయాడో చూడలేదనీ అన్నారు. లచ్చమ్మ బొల్లారం ఠాణాకు పోయింది, పటాలం డేరాలకు పోయింది. ఆర్థర్ సారు ఇంగ్లీషులో అర్జీలు రాశాడు. ఎక్కడికి పోయినా పేరు రాసుకుని పంపేశారు.

ఆ ఆదివారమే, గొర్రెల ముసలాయన వెళ్ళాక, ఆమె చీమలు దులిపి ఉన్న మేతను పిసికి నీళ్ళలో విసిరింది. ఒక్క చేపా రాలేదు. రెండు రోజులు మేత తప్పిన చోటు అది. ఆమె గుడిసెలోనే ఉండిపోయింది. హస్త పోయింది, చిత్త పోయింది. ఠాణాకు పోయిన రోజుల్లో కూడా రెండు పూటలా మేత వేస్తూనే ఉంది. నాలుకతో ఆ చప్పుడు చేయడం నేర్చుకుంది. చిత్త కార్తె చివర్లో ఒక సాయంత్రం నీళ్ళు మళ్ళీ కిందనుంచి ఉడికినట్టు కదిలాయి.

స్వాతిలో ఒక శనివారం ఆర్థర్ సారు గాలం కర్ర పట్టుకుని వచ్చాడు. గట్టు మీద నిలబడి నీళ్ళ కదలిక చూశాడు. తర్వాత, "చోటు నిలబెట్టావు లచ్చమ్మా," అన్నాడు. "వాడికి నేనిచ్చిన మాట ఇది. ఒక్కసారి వేసి, మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తాను."

ఆమె కొంగు ముడి విప్పి ఆయన బెండు ఇచ్చింది. ఆయన అలవాటు కొద్దీ దాన్ని పళ్ళతో పట్టుకుని దారం ముడి వేశాడు. కర్ర వెనక్కు ఎత్తాడు.

"సారూ."

ఆయన ఆగాడు.

"గాలం పడితే ఆయన పని అయిపోయినట్టే గద. ఇగ గట్టు మీద ఆయనకేం పని ఉంటది? జెర ఆగున్రి."

సారు చెయ్యి అలాగే ఉండిపోయింది. బెండు గాలికి ఊగుతోంది. కాసేపటికి ఆయన కర్ర దించి, గట్టు మీద కూలబడి, ముఖం మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

మేత వేళ దాటిపోతోంది. లచ్చమ్మ చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది.