పేవ్‌మెంటు మీద కాళ్ళు కడిగిన రోజు

నేను ఒక సత్తు బేసిన్ని. హైతీ దేశంలో జెరెమీ అనే సముద్రపు పట్నంలో, పాత ఇంజను ముక్కలూ కూల్‌డ్రింక్ డబ్బాలూ కరిగించి, ఇసుక అచ్చులో పోసి నన్ను తయారుచేశారు. పోసినవాడి చెయ్యి వణికిందేమో, నా అంచు ఒకవైపు మందం. సంతలో నన్ను కొన్న క్లెర్మీజ్ అప్పట్లో బడిపంతులమ్మ. తలకిందులు చేసి, వేళ్ళతో తట్టి చూసి, "ఇది నమ్మకమైనదే" అంది. అంతకుముందు గంటసేపు అమ్మేవాణ్ణి మాత్రం నమ్మలేదు.

ఆమె ఇంట్లో నాలో చిక్కుడుగింజలు నానాయి, బట్టలు నానాయి, పిల్లలూ నానారు. మూడు నెలలకొక శనివారం మాత్రం నన్ను బూడిదతో తోమి చర్చికి తీసుకెళ్ళేది. వాళ్ళు అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా పని ముట్టరు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనానికి ముందు, ఏసు శిష్యుల కాళ్ళు కడిగినట్టే, ఆడవాళ్ళు ఆడవాళ్ళకూ, మగవాళ్ళు మగవాళ్ళకూ కాళ్ళు కడుగుతారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఎవరో కడుగుతారని తెలిసి, ప్రతివాళ్ళూ ఇంటి దగ్గరే రుద్ది రుద్ది కడుక్కుని మరీ వస్తారు. తమ మురికి దేవుడికైతే చూపిస్తారు గాని పక్కింటావిడకు చూపించరు.

క్లెర్మీజ్ ఎప్పుడూ తన స్నేహితురాలు అనెలీ కాళ్ళే కడిగేది. ఇద్దరిదీ ఒకే వీధి. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అమెరికా చేరారు. బోస్టన్ దగ్గర ఒక చలి పట్టణం. పెట్టెలో బట్టల మధ్య నేనూ వచ్చాను. అక్కడ క్లెర్మీజ్‌కు వృద్ధాశ్రమంలో పని దొరికింది. వారమంతా జీతానికి కాళ్ళు కడిగేది.

మొదటి చర్చి అనెలీ ఇంటి ముందుగది. పట్టుమని పదిమంది లేరు, బేసిన్ను నేనొక్కదాన్నే. తర్వాత ఒక లాండ్రీ కింద నేలమాళిగ, ఆ తర్వాత ఒక బడి భోజనశాల. విమానం దిగిన ప్రతివాడూ ఎవరో ఒకరికి పినతల్లి కొడుకే అయ్యేవాడు. జనం ఎంత పెరిగారో నాకు పక్కన చేరిన బేసిన్లను బట్టి తెలిసేది. ఎర్రవి, నీలంవి, అన్నీ ప్లాస్టిక్. వాటికి నేనంటే చిన్నచూపు. వేడినీళ్ళు పోస్తే మాత్రం మెత్తబడిపోయేవి.

చివరికి ఒక పెద్ద చర్చి అద్దెకు దొరికింది. ఆదివారం ఆరాధించే వేరే సంఘం వాళ్ళది, శనివారాలు ఖాళీ. దాని బాగోగులు చూసే ఆల్డెన్ గారు మర్యాదస్థుడు. పాట కాస్త తగ్గించమన్నాడు, తగ్గించారు. వంట వాసన వస్తోందన్నాడు, చల్లటి అన్నం తెచ్చుకుని తిన్నారు. పిల్లలు మెట్ల మీద ఆడుతున్నారన్నాడు, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

ఆ చలికాలంలో అనెలీకి మూత్రపిండాలు చెడ్డాయి. క్లెర్మీజ్ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వాచిన పాదాల మీద వేలు ఆనిస్తే గుంట పడి అలాగే ఉండిపోయేది.

"నా కాళ్ళు నీకు బరువైపోయాయే" అంది అనెలీ.

"మనం మోసిన నీళ్ళ బిందెల కంటేనా?" అంది క్లెర్మీజ్.

ఫిబ్రవరిలో అనెలీని పూడ్చిపెట్టారు. ఆమె తువ్వాలు ఉతికి, మడిచి, నాలో పెట్టింది క్లెర్మీజ్.

మార్చిలో మళ్ళీ కాళ్ళు కడిగే వారం వచ్చింది. హాల్లో కొత్త చెక్క నేల వేయించామనీ, ఇక లోపల నీళ్ళు వాడకూడదనీ ఆల్డెన్ గారు కబురు పంపాడు. సంఘం పెద్దలు మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. అప్పుడే తోమిన నన్ను ఒళ్ళో పెట్టుకుని క్లెర్మీజ్ కూడా కూర్చుంది. చర్చి కార్యదర్శి మిర్లాండ్ అమెరికాలో పెరిగిన పిల్ల, బ్యాంకులో పని. అద్దె ఒప్పందం చేసి వచ్చింది ఆమే.

"తడి కాగితాలున్నాయిగా, సె క్లెర్మీజ్" అంది. సె అంటే వాళ్ళ భాషలో అక్క. "మనిషికి రెండు చాలు. మంచి వాసన కూడానూ."

"పసిపిల్లల ముడ్డి తుడిచేవేనా?"

నవ్వారు. పాస్టర్ డోర్వాల్ నవ్వలేదు. "ఈ చోటు పోతే మనకు మరో చోటు లేదమ్మా. మూడువందల మందిని ఎక్కడ కూర్చోబెట్టను? ఈ ఒక్కసారికి ఊరుకుందాం."

"ఈ ఒక్కసారికనే పాట తగ్గించాం, పాస్టర్. ఈ ఒక్కసారికనే అన్నం చల్లార్చుకున్నాం. ఇంకా తగ్గితే లోపల మిగిలేవి కుర్చీలే."

మిర్లాండ్‌కు కోపం వచ్చింది. "అనెలీ లేని బాధ మీది. దాన్ని అందరి నెత్తినా రుద్దకండి."

క్లెర్మీజ్ నా అంచు మీది తడి తుడిచింది.

"బాధ నాదే. నేల వాళ్ళదే. వాళ్ళ నేల మీద చుక్క పోయను. వీధి ఎవరిదో కనుక్కుని చెప్పు."

శుక్రవారం పొద్దుగూకకముందే నీళ్ళు మరిగించి ఫ్లాస్కుల్లో పోసింది. శనివారం చర్చి మెట్ల ముందు, పేవ్‌మెంటు మీద, మనుషులు నడవడానికి దారి వదిలి నన్ను పెట్టింది. ఎదురుగా ఒక మడత కుర్చీ వేసింది. కుర్చీ ఖాళీగానే ఉంది. గాలి కోసేస్తోంది. కాసేపటికి తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ నీలం బేసిన్‌తో వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. తర్వాత మగవాళ్ళు. గోడ పొడుగునా కుర్చీలు పరుచుకున్నాయి. తగ్గించిన పాట పైకి లేచింది. స్టాపులో ఆగిన బస్సులోని జనం ఇటే చూస్తున్నారు.

ఆల్డెన్ గారు కారు దిగి వచ్చాడు. ఇంగ్లీషు బాగా వచ్చినది కాబట్టి మిర్లాండ్‌ను పిలిచాడు.

"మా గుమ్మం ముందు ఇదేం పని? వచ్చే నెల నుంచి వేరే చోటు చూసుకోమని వాళ్ళతో చెప్పు."

మిర్లాండ్ క్లెర్మీజ్ ఎదుట ఇంకా ఖాళీగానే ఉన్న కుర్చీ వైపు చూసింది. వచ్చి అందులో కూర్చుని బూట్లు విప్పింది.

"వాళ్ళతో కాదండీ," అంది. "మాతో అనండి."

ఆయన వెనక్కి తిరిగి కారు వైపు నడిచాడు. క్లెర్మీజ్ ఆ పిల్ల పాదం పట్టుకుని నాలో పెట్టింది.

"కాలిపోతోంది, సె క్లెర్మీజ్."

"ఓర్చుకో. నోరు అంతకన్నా వేడి నీకు."

కడిగాక క్లెర్మీజ్ ఆ పాదాల్ని అనెలీ తువ్వాలుతో తుడిచింది. తుడుస్తూ చాలాసేపు తల ఎత్తలేదు.

అన్నట్టే చోటు పోయింది. ఎండాకాలమంతా పార్కులో ఆరాధించారు. వానకు కొందరు జారిపోయారు, వాళ్ళకంటే ఎక్కువమంది దారినపోతూ పాట విని వచ్చి చేరారు. మరుసటి ఏడు మూతబడిన టైర్ల షెడ్డు ఒకటి కొన్నారు. గ్రీజు మరకలు ఇంకా పోలేదు. సిమెంటు నేల మధ్యకు వాలి ఉంటుంది, అక్కడ ఇనప జల్లెడ మూసిన తూము.

అక్కడ మొదటిసారి కాళ్ళు కడుక్కున్నాక క్లెర్మీజ్ నన్ను రెండు చేతులా ఎత్తింది. మిర్లాండ్ "సింకు అటు ఉంది" అంది. క్లెర్మీజ్ సింకు వైపు చూసింది, నేల వైపు చూసింది. ఉన్నచోటే నన్ను వంచేసింది. నీళ్ళు కుర్చీల కిందుగా, పాస్టర్ గారి బూట్ల పక్కగా, నిదానంగా పాకుతూ తూము వైపు వెళ్ళాయి. గుడ్డ కోసం ఎవరూ పరుగెత్తలేదు.