సాయిలు అడిగింది ఒకటే

కోరుట్లలో మోటార్లు బాగుచేసే ముక్తదిర్, రెండు నెలలుగా ప్రతి ఆదివారం మస్జిద్ పక్క గదిలో కాలేజీ పిల్లలకు సేవ ఎలా చేయాలో నేర్పుతున్నాడు. రోగిని పలకరించి రావడం మన బాధ్యత, ఆ రోగి ఏ మతం వాడైనా సరే అని చెప్పాడు. ఇచ్చి చెప్పుకుంటే ఇచ్చిందంతా వృథా అవుతుందని ఖురాన్ మాట వినిపించాడు. అందరూ బుద్ధిగా తలలూపారు.

తీరా జగిత్యాల దవాఖానకు వచ్చాక ఒకేలాంటి టీషర్టులు, పండ్ల సంచులు, మంచం మంచానికీ ఒక ఫొటో.

మూల మంచం మీద పెగడపల్లి సాయిలు ఉన్నాడు. ట్రాక్టర్ మీద నుంచి పడి తుంటి విరిగింది, లేవలేడు. భార్య ఐలవ్వ బట్టలు తేవడానికి ఊరికి పోయింది.

"కొడుకా, మంచం కింద గా డబ్బా జర అందియ్యి" అని అడిగాడు సాయిలు.

పిల్లల్లో ముందున్న అఫ్నాన్ ఆయన చేతిలో యాపిల్ పెట్టి ఫొటో దిగాడు. వెనక వచ్చినవాడినీ సాయిలు అదే అడిగాడు. వాడు "జల్ది మంచిగైతవ్ పెద్దయ్యా" అని బత్తాయిలు పెట్టి ముందుకు నడిచాడు. నర్సుతో మాట్లాడి ముక్తదిర్ లోపలికి వచ్చేసరికి, మూత్రం డబ్బా అందక పక్క తడిసిపోయింది. సాయిలు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ముక్తదిర్ చొక్కా చేతులు పైకి మడిచి దుప్పటి తీశాడు. పిల్లల్లో తల్హా ఒక్కడే వచ్చి బకెట్ పట్టుకున్నాడు. మిగతావాళ్లు తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"మీరెందుకు సార్, నా ఇంటిది అస్తది" అని సాయిలు గొణిగాడు.

తిరుగు బస్సులో అఫ్నాన్ అన్నాడు: "గది నర్సుల పని గద సార్."

"ఆయన నిన్నడిగిండు. నర్సునడగలే."

"ఏమన్నడో నాకు సమజ్ కాలే."

"నిలవడి ఇంటె గద సమజయ్యేది."

ఫొటోలు అప్పటికే గ్రూపులోకి వెళ్లిపోయాయి. తీసెయ్యమన్నాడు ముక్తదిర్.

"సదర్ సాబే పెట్టుమన్నడు సార్."

సదర్ అంటే మస్జిద్ కమిటీ పెద్ద, ఆయన మాటకు ఎదురు లేదు. రెండు నెలల పాఠం ఎటు పోయిందో ముక్తదిర్‌కు అర్థం కాలేదు.

తర్వాతి ఆదివారం గదికి తల్హా ఒక్కడే వచ్చాడు. మధ్యలో ఒకరోజు తాను సాయిలు దగ్గరికి పోయానని చెప్పాడు.

"పోయి ఏం జేసినవ్?"

"ఏం లేదు సార్. ఏం గావాల్నని అడిగిన. ఐలవ్వ చాయ్ తాగొస్త, జర కూసుంటవా అన్నది. కూసున్న."

"సాయిలు ఏమన్నడు?"

"నన్ను జూసి పండ్లు అద్దన్నడు. అటెన్క నిద్రపోయిండు."

ముక్తదిర్ రానివాళ్లకు ఫోన్లు చేశాడు. అఫ్నాన్ ఎత్తలేదు. ఇంకొకడు క్రికెట్ టోర్నమెంట్ ఉందన్నాడు. మరొకడు వస్తానన్నాడు గానీ, ఆ గొంతు వింటేనే రాడని తెలిసిపోయింది. విసుగ్గా ఫోన్ జేబులో పడేసి, గదికి తాళం వేశాడు.

"నడువ్, జగిత్యాల బస్సు పోతది" అన్నాడు తల్హాతో.