గొట్టాలు పీకిన పొలం

మే నెల వచ్చిందంటే ఎల్డన్ రుస్టాడ్ పొద్దున్నే కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతాడు, మడుగు ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి. నార్త్ డకోటాలో వాళ్ళ కౌంటీ అంతా చేసే పని అదే. మంచు కరగ్గానే మడుగు బాతుల్ని వెంటేసుకుని బయల్దేరుతుంది. రోడ్లు దాటుతుంది, కంచెలు దాటుతుంది, ఆ ఏడు ఎవరి పొలం నచ్చితే అందులో కూర్చుంటుంది. నీళ్ళు నిలిచిన నేలలో విత్తలేరు కనుక ఆ రైతుకి ప్రభుత్వం సాయం ఇస్తుంది. వ్యవసాయ ఆఫీసు నుంచి డార్లా వచ్చి, కొలిచే చక్రం దొర్లించుకుంటూ మడుగు చుట్టూ తిరిగి వెళ్తుంది.

ఎల్డన్ పొలం వైపు మాత్రం మడుగు చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. తప్పు అతనిదే. ఓసారి అది వచ్చి కూర్చుంటే, గోధుమ ధర బాగుందని ఆశపడి, నేల కింద గొట్టాలు వేయించి దాన్ని కాలవలోకి తోలేశాడు. ఇప్పుడు చూడండి, వరసగా రెండేళ్ళు వడగళ్ళు పంటని ఊడ్చేశాయి. విత్తనాలు అరువిచ్చేవాడు లేక పొలం బీడుగా ఉంది. ఈ నెలాఖరులోగా మడుగు వస్తే సాయం అందుతుంది. లేదంటే తాతల నాటి పొలం అమ్ముడై పక్క రైతు కర్టిస్ చేతికి పోతుంది.

"గుమ్మంలోకొచ్చినదాన్ని మెడపట్టి గెంటావు. ఇప్పుడేం మొహం పెట్టుకుని ఎదురుచూస్తావు?" అంది భార్య నోర్మా.

ఎల్డన్ పార తీసుకుని పొలంలోకి వెళ్ళి గొట్టాలు తవ్వి తీయడం మొదలుపెట్టాడు.

కర్టిస్ రోడ్డు మీద బండి ఆపాడు. "ఏంటి, మరమ్మతా?"

"కాదు, క్షమాపణ."

నెల చివరి రోజున మడుగు రోడ్డెక్కింది. స్కూలు బస్సు ఆగి దానికి దారిచ్చింది. అది ఎల్డన్ గేటు దాకా వచ్చి నిలబడింది.

"పిలువు, నోరు పడిపోయిందా?" నోర్మా వెన్న రాసిన బంగాళాదుంప రొట్టె అతని చేతిలో పెట్టింది. మడుగొస్తే ఆ ఊళ్ళో ఎవరైనా పెట్టేది అదే.

"గొట్టాలన్నీ పీకేశానే తల్లీ," అన్నాడు ఎల్డన్. "కావాలంటే వచ్చి చూసుకో."

మడుగు లోపలికొచ్చింది. గొట్టాలు తీసిన మొదటి గుంటలోకి దిగి అడుగు దాకా తడిమింది. తర్వాత రెండోదాంట్లోకి దిగింది. ఒక్క గుంటనీ వదల్లేదు. అన్నీ చూసుకున్నాక పొలమంతా పరుచుకుని కూర్చుంది.

డార్లా చక్రంతో దిగింది. "రూలు ప్రకారం అడగాలండీ ఎల్డన్ గారూ. నీళ్ళు మీరు పెట్టారా, వాటంతటవే వచ్చాయా?"

ఎల్డన్ ఏడుస్తున్నాడు. జవాబు నోర్మానే చెప్పింది. "దానంతటదే వచ్చింది. మేం అడిగామంతే."

అలాగే రాసుకుంది డార్లా. రోడ్డు మీద కర్టిస్ కాసేపు చూసి బండి వెనక్కి తిప్పుకున్నాడు.

ఎల్డన్ బూట్లు విప్పి మోకాళ్ళ లోతుకి వెళ్ళి, రొట్టె ముక్క తుంచి వేశాడు. చుట్టూ అన్ని బాతులున్నా ఒక్కటీ ముట్టలేదు. ముక్క మెల్లగా లోపలికి మునిగిపోయింది.