బాగా చూసుకుంటామన్న మాట

స్నానం మధ్యలో కరెంటు పోతే ఊపిరాడట్లేదంటూ తువ్వాలుతో హాల్లోకి పరుగెత్తుకొచ్చే మనిషి, పరాయి దేశపు జైల్లో కిటికీ లేని గదిలో ఒకడు నిక్షేపంగా ఉండగలడని రేపు కోర్టులో నిరూపించబోతున్నాడు. ఆవిడకి దొరికిన మొగుడు అలాంటివాడు. ఏం చేస్తుంది, వాపసు ఇచ్చే వీలు లేని సరుకు.

ఆయన ప్రభుత్వ వకీలు. ఏ కేసైనా ముందురోజు సాయంత్రం ఇంట్లో ఒకసారి వాదించి చూసుకోవడం అలవాటు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆవిడ జడ్జి. తల ఊపే అధికారం ఉంది, నోరు తెరిచే అధికారం లేదు. కొత్తలో ఒకసారి తెరిస్తే, జడ్జిగారు పొయ్యి మీద పాలు చూసుకుంటే మంచిదన్నాడు. అప్పట్లో నవ్వింది కూడా.

ఈసారి కేసు ఒక వెల్డరుది. తన దేశంలో పనివాళ్ళు లోపలుండగా ఫ్యాక్టరీ తగలబెట్టాడన్న కేసు పడితే ఇక్కడికి పారిపోయి వచ్చాడు. అప్పగించమని ఆ దేశంవాళ్ళు అడుగుతున్నారు, ఇక్కడి ప్రభుత్వం సరేనంటోంది. అక్కడి జైల్లో చోటు చాలక ఖైదీలు వంతులేసుకుని పడుకుంటారట, తనిఖీకి మనుషులొచ్చిన రోజు మాత్రం కొత్త దుప్పట్లు పరుస్తారట. అది అవతలి వకీలు మాట. ఆవిడకి ఏమీ తేలడం లేదు. ఫ్యాక్టరీలో కాలిపోయినవాళ్ళని తలుచుకుంటే పంపాల్సిందే అనిపిస్తుంది. వంతు వచ్చేదాకా నిలబడే కునుకు తీసే మనిషిని తలుచుకుంటే ఎలా పంపుతారనిపిస్తుంది. మొగుడు మాట్లాడితే అదీ నిజమే, అవతలివాళ్ళ కాగితం చదివితే ఇదీ నిజమే. ఇంతకీ తన అభిప్రాయం ఏమిటి? ఇన్నేళ్ళలో ఎవరూ అడగకపోయేసరికి అదెక్కడ పెట్టిందో తనకే గుర్తు లేదు.

"ఖైదీని బాగా చూసుకుంటామని ఆ దేశం హామీ ఇచ్చింది. అంత పెద్దవాళ్ళిచ్చిన మాటని శంకించడం మర్యాద కాదు," అన్నాడాయన, చెయ్యి గాల్లో తిప్పుతూ.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఈ వాక్యం ఎక్కడో విన్నది. పెళ్ళిచూపుల్లో అత్తగారు నాన్నకి మాటిస్తూ, కూతురిలా చూసుకుంటాం, చదువు మాన్పించం అన్నారు. పుస్తకాలు మొదటి నెలలోనే అటకెక్కాయి. అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి తినడం దానంతటదే అలవాటైంది. నాన్న చూడ్డానికొచ్చిన రోజు మాత్రం ఆవిడ సోఫాలో ఉండేది, టీ అత్తగారే తెచ్చేవారు. ఎలా ఉన్నావమ్మా అని అందరి ముందూ అడిగేవాడు నాన్న. బాగున్నాను అనేది.

"వకీలుగారూ, ఒక ప్రశ్న."

"జడ్జి మాట్లాడకూడదుగా."

"రేపటి జడ్జి మాట్లాడతాడండీ. అతన్ని పంపాలో వద్దో నాకు తెలీదు. బాగా చూసుకోకపోతే అతను ఎవరికి చెప్పుకుంటాడు?"

"హామీ ఉందంటున్నానుగా."

"హామీ ఇచ్చినవాళ్ళకే చెప్పుకోవాలా?"

ఆయన ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. పాలు పొంగుతున్న చప్పుడు వినబడింది. ఆవిడ లేవలేదు.

హాల్లో టీవీ గొంతు ఆగింది. మోకాళ్ళు పట్టుకుని అత్తగారు నెమ్మదిగా వచ్చి, స్టవ్ కట్టేసి, కొడుకు వైపు తిరిగారు.

"ఇలాంటి హామీయే ఒకటి మీ మామగారికిచ్చింది నేనేరా. కూతురిలా చూసుకుంటానన్నాను, చూసుకోలేదు. తప్పు నాదే."