అంటించని తలుపు

మంగీలాల్ ఎక్కిన విమానం దిగాల్సిన చోట దిగలేదని కబురొచ్చిన రోజు టేకులపల్లి అవతలి తండాలో వాన విడవకుండా పడుతోంది. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్ అతను. ఈశాన్యపు కొండల్లో కాపలా కాసే జవాన్లకు బియ్యం, మందులు చేరవేసే రవాణా విమానంలో పైలట్లతో పాటే తిరిగేవాడు. మబ్బు విడిచాక గానీ హెలికాప్టర్లు వెతకలేవని ఫోన్‌లో చెప్పారు. తమ్ముడు కోటేష్ రోజూ సైకిల్ మీద ఎస్టీడీ బూత్‌కి పోయేవాడు, అదే మాట మోసుకొచ్చేవాడు.

అట్లా రోజులు గడుస్తుంటే తల్లి పూలి ఒక మధ్యాహ్నం కోడల్ని అడిగింది, వాడు ఎక్కే విమానం ఎట్లా ఉంటదని. కోడలు సంగీతకి అటక మీది డబ్బా గుర్తొచ్చింది. కిందటి సెలవుకి మంగీలాల్ హైదరాబాద్‌లో కొన్న ప్లాస్టిక్ కిట్ అది. అచ్చం తన విమానమే, మూరెడుకు కుదించి ముక్కలుగా పెట్టిచ్చారు. పిల్లలాట వస్తువని ఆమె నవ్వితే, మళ్ళొచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చేద్దామని అటకెక్కించాడు.

డబ్బా దించి తెరిస్తే ముక్కలన్నీ బూడిదరంగు చట్రాలకు అతుక్కుని ఉన్నాయి. ఆమె వాటిని బ్లేడుతో కోసి, కాగితం మీది బొమ్మలు చూసుకుంటూ జిగురుతో అంటించసాగింది. పూలి పక్కనే కూర్చుంది.

"నా కొడుకు ఏడ కూసుంటడే?"

పైలట్ల వెనకాల వేలు పెట్టి చూపించింది సంగీత. మూటలు జారవిడిచేటప్పుడు మాత్రం వెనక తలుపు కాడికి పోతానని ఒకసారి చెప్పాడని కూడా అంది. పూలి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. తలుపు కాడ ఉన్నోడు దుంకొచ్చు.

"ఆ తలుపు అంటియ్యకు బిడ్డా. తెరిసే ఉండనియ్యి."

సంగీత ఇంటర్ దాకా చదివింది. ప్లాస్టిక్ తలుపుకూ ఆ కొండలకూ ఏ సంబంధం లేదని ఆమెకు తెలుసు. అయినా జిగురు అక్కడిదాకా తెచ్చేసరికి చెయ్యి ఆడలేదు. తలుపును విడిగానే ఉంచేసింది.

ఆ తర్వాత ఆమెకు వేరే ధ్యాస లేదు. చేన్లో పత్తిని కలుపు కమ్మేసింది. పొయ్యి మీద అన్నం మాడింది. ఎక్కడా వంకర లేకుండా చేస్తే మనిషి వస్తాడని మనసులో నాటుకుపోయింది. ఎడమ రెక్క కాస్త వాలినట్టు కనబడితే పీకేసింది, పీకినచోట చీలింది. పైలట్ల ముందుండే అద్దానికి వేలి జిగురు అంటి మసకబారింది. చెంగుతో తుడిచేకొద్దీ ఇంకా తెల్లబడింది. ఇక వాళ్ళకి కొండ కనబడదని ఆ అద్దాన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వదినా, అది బొమ్మ అని కోటేష్ మెల్లగా అంటూ డబ్బా దాచబోతే, పూలి కొడుకునే కసిరింది.

వాన వెలిసిన రోజు కోటేష్ మధ్యాహ్నానికి గానీ రాలేదు. సైకిల్ తొక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. సంగీత చీలిన రెక్కను మళ్ళీ అంటించి, రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంది. అతని మొహం చూసింది.

"జర ఆగు కోటేష్. ఇది అంటుకునేదాంక ఏం చెప్పకు."

అతను గడప మీదే కూలబడ్డాడు. రెక్క ఎప్పుడో అంటుకుంది, ఆమె చేతులు తీయలేదు. చివరికి పూలే అడిగింది. కొండవాలు మీద విమానం కనబడిందని, ఎవరూ మిగల్లేదని చెప్పాడు.

జెండా కప్పిన పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు. వెంట వచ్చిన ఆఫీసర్ తెలుగువాడే. పూలి బొమ్మను తెచ్చి ఆయన చేతిలో పెట్టి, తన కొడుకు ఏడ దొరికిండో దీని మీద చూపియ్యమంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో ఒక చోటు చూపిస్తే సరిపోయేది. చూపించలేకపోయాడు. విమానం ముక్కలైందని, ఎవరు ఎక్కడున్నారో తెలియలేదని ఉన్నమాటే చెప్పాడు.

పూలి బొమ్మను తిరిగి తీసుకుంది. గోడకు ఆనుకుని, తన చేతుల్నే చూసుకుంటున్న కోడలి దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నువ్వు వంకర చేసినవని కాదే. నీ చేతుల ఏం లేకుండె."

సంగీత ఎవరికీ చెప్పుకోని మాట అది. అత్త ఒళ్ళో తల పెట్టి, పెట్టె వచ్చినప్పుడు కూడా రాని ఏడుపు ఏడ్చింది. బయట మగవాళ్ళు చేను వైపు మోసుకుపోవడానికి పెట్టెను లేపుతున్నారు. కోటేష్ వచ్చి పిలిచాడు. పూలి ముందు తాను లేచి, కోడల్ని రెక్క పట్టి లేపింది.