గోడ పాడిన ఐదో గొంతు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా గెంట్ ఊళ్లో కాలువ పక్క మంగలి యోస్ట్. గడ్డం గీస్తూ చెప్పాడు. కోపంలో కత్తి జారి నా చెంప తెగింది. బొంగురు గొంతు వాడిది, చర్చిలో పాడే నలుగురి బృందంలో ఒకడు.

మంగళవారం కొట్లు కట్టేశాక ఆ నలుగురూ చర్చిలో చేరేవారు. ఒకే పెద్ద పుస్తకం ముందు నిలబడి వందల ఏళ్ల నాటి పాటలు పాడేవారు. వాళ్లలో ఒకతైన గోదెలీవ్ పాడుతూనే నడిపించేది. పాట నడిపేవాళ్లు ఊపే కర్రా లేదు, ఎక్కడానికి పీటా లేదు. పక్కవాడి భుజం మీద అరచేత్తో తాళం వేసేది. జుట్టు నెరిసేదాకా ఆ పనే చేసింది.

వాళ్ల పెద్ద పాటకి ఐదు గొంతులు కావాలి. ఐదోది రాసిన కాగితాలు ఎప్పుడో పోయాయి. ఆవిడ తాళం వేస్తే ఆ ఐదోది ఉత్తరపు గోడ పాడేది. వానల్లో కాస్త శ్రుతి దిగేది, అంతే. "ఇవాళ గోడకి జలుబు చేసింది" అనేసి చర్చి తుడిచే ఆవిడ తన పని చూసుకునేది.

అక్కడికి దాపురించాడు సంగీతం ప్రొఫెసర్ వాన్ ఆకర్. మూల కూచుని గోడ పాడిందంతా రాసుకున్నాడు. ఒకచోట గోడ స్వరం పక్క గొంతుతో చురుక్కున ఒరుసుకుంటుంది.

"ఇది తప్పమ్మా, దిద్దేశాను," అన్నాడు.

"దిద్దకండి. అక్కడ పాటలో మాట 'ముల్లు'. గుచ్చుకోవాలి," అంది గోదెలీవ్.

"మీరు పాడండి చాలు. ఆలోచించడానికి నేనున్నానుగా."

పోయిన గొంతు తానే కనిపెట్టానని తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. ఊళ్లో జరిగే పాటల ఉత్సవం పెద్దల చెవులు కొరికి బృందాన్ని లాక్కున్నాడు. ఆవిడ బదులొకరిని, గోడ బదులొకరిని తెచ్చుకున్నాడు. ఆవిడకి చివరి వరసలో టిక్కెట్టు పంపాడు. టిక్కెట్టు! సిగ్గుండాలి.

"మీరెందుకు ఊరుకున్నార్రా?" అని యోస్ట్‌ని అడిగాను.

"ఆవిడే పాడమంది బాబాయ్, పాట ఆగకూడదని."

ఆ చర్చిలోనే పెట్టిన కచేరీలో గోడ నోరు మెదపలేదు. ముల్లు దగ్గర మాత్రం ఒక్క స్వరం పాడింది, తనది. జనం పళ్లు జివ్వుమన్నాయి. పాట తెగిపోయింది. ప్రొఫెసర్ కర్ర ఊపుతూనే ఉన్నాడు. యోస్టూ మిగతా పాతవాళ్లిద్దరూ దిగి చివరి వరసకి నడిచారు.

"అక్కా, చెయ్యి వెయ్యి," అన్నాడు యోస్ట్, భుజం వంచి.

"అందరూ చూస్తున్నార్రా..."

"చూడనీ."

వేసింది. గోడ మొదటినుంచీ ఎత్తుకుంది. మర్నాడే ఉత్సవం పెద్దలు బృందాన్ని ఆవిడకి అప్పగించారు.

అయినా అచ్చులో ఇంకా వాడి పేరే ఉంది. నాకు రాత అంతంతమాత్రం. చదువుకున్నవాళ్లెవరైనా ఆ పేరు కొట్టేసి, గోదెలీవ్ అని రాయండి. పెన్సిల్‌తో కాదు.