మునిగి గెలిచిన హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. మూడడుగుల నల్లరాయిని, మొహాన వేలెడు లోతు గాటు. అందం సంగతి అడక్కండి. నన్ను చెక్కిన తిప్పయ్య ఆ గాటు కోసమే ఒక పూటంతా కూర్చున్నాడు. చెరువు నిండి, మత్తడి గోడ మీంచి నీళ్లు పొర్లే రోజున నీటి అంచు సరిగ్గా ఆ గాటును తాకాలి. అంతవరకూ చెరువు, ఆపైన మనుషులు. నలభై ఏళ్లు ఆ మాట నిలబెట్టాను. మత్తడి దుంకినప్పుడల్లా నీరటి మైసవ్వ వచ్చి, గాటు తడిసిందో లేదో వేలు పెట్టి చూసి, నా నెత్తిన ఇంత పసుపు రాసి పోయేది. తూము ఎత్తి పొలాలకు నీళ్లు పంచేది ఆమే.

మూడేళ్లు వానల్లేవు. ఎండిన చెరువు మీద ప్లాట్ల దామోదర్ కన్ను పడింది. జేసీబీతో నన్ను పెకలించి, నూటయాభై గజాలు చెరువు లోపలికి తెచ్చి, నెత్తిన పసుపు కూడా చెరగకుండా పాతించాడు. సొంతింటి గడపనైనా అంత జాగ్రత్తగా నిలిపి ఉండడు. నా వెనక ఎనిమిదెకరాలు చెరువు కాకుండా పోయాయి. అన్ని నీళ్లు తగ్గితే చివరి మడులకు తడి అందదు. అందులో మైసవ్వ మడి ఒకటి.

హద్దు తేల్చడానికి ఇంజనీరు షబానా వచ్చింది. పాత కొలతల కాగితాలు చెదలు తినేశాయి, మిగిలిన సాక్షిని నేనే. దామోదర్ నన్ను దర్జాగా చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మైసవ్వ నా గాటులో వేలు పెట్టి నిదానంగా అంది.

"రాయిని అడగకు బిడ్డా. మత్తడి దుంకెదాక ఆగు. నీళ్లే చెప్తయి."

వానలే లేవు, మత్తడెక్కడిదని దామోదర్ నవ్వాడు. షబానా వానాకాలం వెళ్లేదాకా ఆగుతాననీ, అప్పటికీ చెరువు నిండకపోతే ఉన్న రాయినే హద్దుగా రాయక తప్పదనీ చెప్పి వెళ్లింది.

ఆ భాద్రపదంలో చూడాలి వాన! నాలుగు రోజులు తెరిపి లేదు. నీళ్లు నా గాటు దాటాయి, నెత్తి దాటాయి. మునిగేకొద్దీ నాకు సంబరమే. మత్తడి దుంకిన పొద్దున షబానా కట్ట మీద నిలబడి హద్దురాయి ఎక్కడని అడిగింది. దామోదర్ నీళ్లలోకి చూస్తూ తల గోక్కున్నాడు. ఊరంతా పగలబడి నవ్వింది. మైసవ్వ చీర ఎగగట్టి, నీటి అంచు వెంట గూటాలు పాతుకుంటూ పోయింది. షబానా వెనకే కొలుచుకుంటూ నడిచి, ఆ గీతనే హద్దుగా రాసి సంతకం పెట్టింది.

నీళ్లు తగ్గాక నన్ను పాతచోటనే సిమెంటు పోసి నిలబెట్టారు. మరుసటేడూ మత్తడి దుంకింది. మైసవ్వ వచ్చి గాటులో వేలు పెట్టింది. తడిసింది.

"ఇగ కదలకు," అంది.

నేనెప్పుడు కదిలానమ్మా, కదిలించింది మీ మనుషులే కదా. ఆ మాట పైకి అనలేదు, నెత్తిన పసుపు పడుతోంది మరి.